మనోహరన్న ఫ్లెక్స్‌లో రెండో ఫొటో

రెండేళ్ల కిందటి మాట. ఎండలు ముదిరిన రోజుల్లో వార్డు ఎన్నికలు వచ్చిపడ్డాయి. సికింద్రాబాద్ స్టేషన్‌కు కాస్త ఇవతల, పాత బజారు వెనక సందులో మాకో ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు ఉంది. మా ఆయన మెషీన్ చూసుకుంటాడు, నేను మనుషులను చూసుకుంటాను. ఇద్దరిలో ఎవరి పని కష్టమో ఎన్నికల రోజుల్లో ఒక్కపూట మా కౌంటర్ దగ్గర కూర్చుంటే తెలుస్తుంది. మెషీన్ ఆగిపోతే మెకానిక్ వస్తాడు. మనుషులు మొండికేస్తే నేనే చావాలి.

మా పని బయటి వాళ్లకు తేలిగ్గా కనిపిస్తుంది. ఫొటో ఇస్తారు, ప్రింట్ కొడతాం, అంతే కదా అనుకుంటారు. రాజకీయ ఫ్లెక్స్ అలా కాదు. పైన వరసగా పెద్ద నాయకులు, మధ్యలో దండం పెడుతూ అభ్యర్థి, కింద గుండ్రటి బిళ్లల్లో అనుచరులు ఉండాలి. ఎవరి తల ఎవరి తలకన్నా చిన్నగా ఉందో స్కేలు పెట్టి కొలిచినవాళ్లను చూశాను. ఒకాయన తన బిళ్ల రెండో వరసలోకి పోయిందని నా కౌంటర్ మీద టీ గ్లాసు పగలగొట్టాడు. మహిళలకు కేటాయించిన వార్డుల్లో ఇంకో మర్యాద ఉంది. అభ్యర్థి పక్కన ఆమె భర్త ఫొటో ఉంటుంది, దాని కింద రంగు పట్టీలో ఆయన పేరు, పేరు కింద ‘భర్త’ అనే మాట. కొన్నిసార్లు అభ్యర్థికన్నా భర్తే పెద్దగా ఉంటాడు. పోటీ చేసేది ఎవరమ్మా అని అడిగితే ఇద్దరికీ కోపం వస్తుంది.

ప్రింట్ కొట్టే ముందు వాట్సాప్‌లో ఒక నమూనా పంపుతాం. దాన్ని ప్రూఫ్ అంటాం. అభ్యర్థి ఫోన్ నుంచి ‘ఓకే’ వస్తేనే మెషీన్ తిరుగుతుంది. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒకటే. ప్రూఫ్‌లో ఎవరూ అక్షరాలు చదవరు. తమ ముఖం చూసుకుంటారు, పక్కవాడి ముఖం తమకన్నా పెద్దగా ఉందేమో చూస్తారు, ఓకే కొడతారు. ఈ ఒక్క అలవాటు వల్ల నా జుట్టు సగం తెల్లబడింది.

అలాంటి రోజుల్లో మనోహరన్న మా షాపు మెట్లెక్కాడు.

ఆయనకు బొల్లారంలో మిలిటరీ యూనిఫారాలు కుట్టే దుకాణం ఉంది. కొలత టేపు మెడలో లేకుండా ఆయన్ను చూసినవాళ్లు తక్కువ. తాను గే అని బహిరంగంగా చెప్పి మరీ ఓటు అడిగిన మనిషి, నాకు తెలిసినంతలో, ఈ జంట నగరాల్లో ఆయనే మొదట. అంతకుముందు ఒక పార్టీలో చాలా ఏళ్లు జెండా మోశాడు. టికెట్ అడిగితే ‘ముందు పెళ్లి చేసుకో, తర్వాత చూద్దాం’ అన్నారట. పార్కులో కూర్చున్న ఇద్దరు యువకులను పోలీసులు పట్టుకుపోయినప్పుడు, టేపు మెడలో వేసుకునే స్టేషన్ మెట్ల మీద కూర్చుని వాళ్లను విడిపించుకొచ్చాడు. ఆ తర్వాత అలాంటి పిల్లలు ఎవరు కష్టంలో ఉన్నా ఆయన దుకాణానికే వచ్చేవారు. కుట్టు మిషన్ల చప్పుడులో ఏడ్చినా బయటికి వినబడదు కదా అనేవాడు. వార్డులో నీళ్ల ట్యాంకర్ రాకపోయినా జనం ఆయనకే ఫోన్ చేసేవారు. గొప్ప మనిషే, కాదనను. కానీ గొప్ప మనుషులతో ఫ్లెక్స్ చేయించడం ఎంత నరకమో చరిత్రలో ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను.

“పైన ఎవల ఫొటోలు పెట్టాలన్నా?” అని అడిగాను.

“ఇండిపెండెంట్‌కు పైన ఎవరుంటరు విజయమ్మా? ఆకాశం పెట్టు.”

“గుర్తు?”

“కుట్టు మిషన్ అడిగిన. కుక్కర్ ఇచ్చిన్రు.”

“కింద ఎవలెవలు?”

“కింద ఎవ్వరొద్దు. పక్కన పెట్టు. ప్రకాష్‌ది.”

ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. ఏదో పెళ్లి గుంపులోంచి కత్తిరించిన ముఖం. సన్నగా, బిత్తర చూపులతో, కళ్లు సగం మూసుకుని ఉన్న మనిషి. మా డిజైనర్ రేష్మ ఓసారి చూసి తల పట్టుకుంది.

“అన్నా, ఇది లో రిజల్యూషన్. పెద్దగ చేస్తే మొహం మొత్తం పగులుతది. ఇంకో ఫొటో ఇయ్యుండ్రి.”

“గిదే పెట్టు బిడ్డా. మేం కలిసిన ఏడాది తీసింది. నాకు గిదే ఇష్టం.”

ప్రకాష్ సార్ యాప్రాల్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో పీటీ మాస్టారు. మనోహరన్నతో ఒకే ఇంట్లో చాలా ఏళ్లుగా ఉంటున్నాడు. నాకు తెలుసు, బొల్లారంలో చాలామందికీ తెలుసు. అయితే తెలిసి ఉండడం వేరు, పదడుగుల ఫ్లెక్స్ మీద కుక్కర్ పక్కన కనిపించడం వేరు.

“సార్‌ను అడిగిన్రా?” అన్నాను.

“అడిగితే వద్దంటడు.”

“అయితే?”

“అందుకే అడుగలే.”

అదీ మన నాయకుడు. అందరి హక్కుల కోసం స్టేషన్ మెట్ల మీద కూర్చున్న మనిషికి ఇంట్లో ఒక మాట అడిగే తీరిక లేదు. నాకు ఒళ్లు మండింది, కానీ ఎదురుగా ఇంకో నలుగురు అభ్యర్థులు నిలబడి ఉన్నారు. రేష్మతో ప్రూఫ్ చేయమన్నాను.

మర్నాడు శ్రీనివాస్ వచ్చాడు. మనోహరన్న చెల్లెలి భర్త, ప్రచారం అంతా ఆయన చేతుల మీదే నడుస్తోంది. అభ్యర్థి ఫోన్ కూడా పగలంతా ఆయన జేబులోనే ఉండేది.

“మేడమ్, సింగిల్ ఫొటో పెట్టుండ్రి. చేతులు జోడించి, కుక్కర్ పెద్దగ. ప్రకాష్ ఫొటో తీసెయ్యుండ్రి. నాకు ఆయనంటే కోపం లేదు, మా ఇంట్ల పండుగకు ఆయనే వడ్డిస్తడు. కని ఓట్లు పోతయ్.”

“నాతో కాదు, మీ బావతో మాట్లాడుండ్రి.”

“ఆయన వింటే మీ దగ్గరికి ఎందుకొస్త మేడమ్?”

శ్రీనివాస్ వెళ్లాడో లేదో మనోహరన్న ల్యాండ్‌లైన్ నుంచి ఫోన్. ఫొటో ఉండాల్సిందే, అది కూడా తనతో సమానమైన సైజులో. సాయంత్రానికి మళ్లీ శ్రీనివాస్, సైజు తగ్గించండి, వెనక్కి జరపండి, జెర మసకగా చేయండి అని. మసకగానా? ఆ ఫొటో పుట్టుకతోనే మసక. రేష్మ రెండు రోజులపాటు ఆ ఒక్క ముఖాన్ని పక్కకు, వెనక్కి, ముందుకు జరుపుతూనే కూర్చుంది. వేరే పనులన్నీ ఆగిపోయాయి. నేను అందరి మీదా అరవడం షురూ చేశాను, పాపం మా ఆయనతో సహా.

ఆ తర్వాత ప్రకాష్ సారే వచ్చాడు. మెడలో విజిల్, చేతిలో టోపీ, ఎండకు కమిలిన ముఖం. ఫొటోలో ఉన్నంత సన్నగా లేడు. షాపులో ఎవరూ లేనంతవరకు బయట చెరుకురసం బండి దగ్గర నిలబడి, అప్పుడు లోపలికి వచ్చాడు.

“అక్కా, నా ఫొటో తీసెయ్యుండ్రి.”

ఇన్నేళ్ల నా పనిలో ఫొటో పెట్టమని కాళ్లు పట్టుకున్నవాళ్లను చూశాను, పెట్టలేదని తిట్టినవాళ్లను చూశాను. తీసేయమని వచ్చిన మనిషి ఈయనొక్కడే. కుర్చీ చూపించాను.

“ఇంట్ల తెలుసు అక్కా. బస్తీల తెలుసు. స్కూల్ల తెల్వదు. తెలిసినోళ్లు సుత తెల్వనట్టే ఉంటరు. గట్లుంటెనే నాకు నడుస్తది. ఆయనకు మైకు ముంగట నిలబడుడు అలవాటే. నాకు అలవాటు లేదు. పొద్దుగాల లేచి పిల్లలను పరుగెత్తిస్త, ఇంటికొస్త, ఇద్దరికి అన్నం వండుత. నాకంతే కావాలె.”

“అన్నకు చెప్పిన్రా?”

“చెప్పిన. ‘ఇన్నేండ్లు పక్కన ఉన్నవ్, ఫ్లెక్స్‌ల ఉండనీకి ఏం రోగం’ అన్నడు. నేను సుత ఒక మాటన్న. ఫొటో పెడితే వరంగల్ మా అన్న ఇంటికి పోత. మళ్ల వస్తనో రానో నాకే తెల్వదు.”

ఆ మాట అని కుర్చీలోంచి లేచాడు. నాకు జాలి, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. జాలి ఈయన మీద, కోపం ఆ పెద్దమనిషి మీద. సార్ వెళ్లగానే మనోహరన్న దుకాణానికి ఫోన్ చేశాను.

“అన్నా, మీ మొగుడూపెళ్లాల పంచాయితీ నా షాపుల ఏందీ? ఆయన ముఖం ఆయనది. ఆయన ఫోన్ నుంచి ఓకే వస్తేనే ఆ ఫొటో కొడ్త. లేకపోతే మీరు వేరే షాపు చూసుకోండ్రి.”

అటువైపు కుట్టు మిషన్ ఆగిపోయింది. “సరే విజయమ్మా” అన్నాడు. నాయకులు ఆ మాట అంత చిన్న గొంతుతో అనడం నేనెప్పుడూ వినలేదు.

వాళ్లిద్దరూ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, తెలుసుకునే ఓపిక కూడా లేదు. మరుసటి రోజు మాత్రం ప్రకాష్ సార్ నుంచి మెసేజ్ వచ్చింది. ‘ఫొటో పెట్టండి అక్కా. పేరు మాత్రమే. వేరే ఏం రాయొద్దు.’ అలాగే సార్, మాట ఇస్తున్నా అని జవాబిచ్చాను. రేష్మను పిలిచి మరీ చూపించాను. హమ్మయ్య, పీడ వదిలింది అనుకున్నాను.

వదల్లేదు. అదే రోజు శ్రీనివాస్ పరుగున వచ్చి, సభకు టైం అవుతోంది, కొత్త డిజైన్ అక్కర్లేదు, పక్క వార్డు మేడమ్‌కు చేసిన ఫార్మాట్‌లోనే కొట్టేయమన్నాడు. ఫార్మాట్ అంటే ముందే కట్టి ఉంచిన డిజైన్. అందులో పాత ముఖాలు తీసి కొత్తవి పెట్టి, పేర్లు, గుర్తు మారిస్తే పని అయిపోతుంది. ఎన్నికల రోజుల్లో మేమంతా అలాగే బతుకుతాం. పక్క వార్డు మేడమ్ ఫార్మాట్‌లో ఇద్దరి ఫొటోలకు చోటు సిద్ధంగా ఉంది. రేష్మ ముఖాలు మార్చింది, పేర్లు మార్చింది, చీపురు తీసి కుక్కర్ పెట్టింది. ప్రూఫ్ ఇద్దరి ఫోన్లకూ వెళ్లింది. శ్రీనివాస్ ప్రకాష్ సార్ తల చిన్నగా ఉందో లేదో చూసి, బావ ఫోన్ నుంచి ఓకే కొట్టాడు. మనోహరన్న రెండో ఫొటో ఉందో లేదో చూసి తల ఊపాడట. నేను రంగులు చూశాను, చట్టప్రకారం కింద వేయాల్సిన మా షాపు పేరు చూశాను. ప్రకాష్ సార్ తన ముఖం చూసుకోవడానికి సిగ్గుపడి అసలు తెరవనే లేదు.

తెల్లారేసరికి బొల్లారం కూడళ్లలో ఫ్లెక్స్‌లు లేచాయి. మొదటి ఫోన్ నాకే వచ్చింది.

“మేడమ్, గా పట్టీ మీద ఏం రాసిన్రు?” శ్రీనివాస్ గొంతు చిట్లిపోతోంది.

కంప్యూటర్ తెరిచి చూశాను. కుక్కర్ పక్కన ప్రకాష్ సార్, కింద రంగు పట్టీ మీద ఆయన పేరు, దాని కింద తెల్లటి అక్షరాల్లో ‘భర్త’. పక్క వార్డు మేడమ్ గారి భర్త నుంచి మిగిలిపోయిన మాట. పేరు మార్చిన రేష్మ దాన్ని అలాగే వదిలేసింది. ఆమె కుర్చీలోనే కూలబడి ఏడ్చింది. “మేడమ్, ఈ సీజన్ల గా మాట ఎన్నిసార్లు కొట్టిన్నో. కండ్లకు కనబడుడే బందైంది” అంది. ఆమెను ఏమనను? చూసినవాళ్లం అందరం చూడనివాళ్లమే.

శ్రీనివాస్ వెంటనే దింపేయమంటాడు. మా ఆయన నిచ్చెన తీసి బయల్దేరబోయాడు. నేను మనోహరన్నకు ఫోన్ చేశాను. ముందు ఆయన పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఇంకా మంట పుట్టింది. తర్వాత నవ్వు మధ్యలోనే ఆపేశాడు.

“ప్రకాష్ ఫోన్ ఎత్తుతలేడు విజయమ్మా. బ్యాగు లేదు ఇంట్ల.”

“దింపమంటరా మరి?”

“నేనేం చెప్ప. నా మాట మీద పెట్టి ఆయనను పరేషాన్ చేసిన. ఈసారి ఆయననే అడుగు.”

ఎక్కడని అడగను? సార్ ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది. మధ్యాహ్నం వరకు మళ్లీ మళ్లీ చేస్తూనే ఉన్నాను. ఒక కూడలిలో ఎవరో ఆ ఫ్లెక్స్ మీద నల్లరంగు పూశారని తెలిసింది. మాట ఇచ్చిన మనిషిని నేను. ఒక సంసారం నా మెషీన్ కింద పడి నలిగిపోయిందనే అనుకున్నాను. ఎన్నికలను, కుక్కర్‌ను, ఓకే కొట్టిన ప్రతి వేలిని తిట్టుకుంటూ కూర్చున్నాను.

అప్పుడు ప్రకాష్ సార్ వచ్చాడు, భుజానికి బ్యాగు. లేచి నిలబడ్డాను.

“సార్, తప్పయింది. మా ఆయన ఇప్పుడే పోయి తీసేస్తడు.”

ఆయన వినిపించుకోలేదు. బ్యాగు కుర్చీ పక్కన పెట్టి, రేష్మ కంప్యూటర్ ముందు నిలబడి ఫ్లెక్స్‌ను చాలాసేపు చూశాడు. మొదటిసారి చూడడం కదా. చూసి చూసి అన్నాడు:

“ఈ ఫొటో ఏందక్కా గిట్లుంది?”

“ఫొటోనా?”

“కండ్లు మూసుకుపోయినయ్. రోగమొచ్చినోని లెక్క ఉన్న. పొద్దుగాల సంగతి తెలిసి బ్యాగు సర్దుకున్న. సెలవు అడగనీకి స్కూలుకు పోతే ప్రిన్సిపాల్ ఎన్నికలయ్యేదాంక రావద్దన్నడు. సరే అని బయటికొచ్చిన. గేటు కాడ వాచ్‌మన్ తాత చెయ్యి పట్టుకున్నడు. ఏమంటడో అని చెయ్యి గుంజుకోబోయిన. ‘సారూ, అందరి ముంగట పెట్టేటప్పుడు మంచి ఫొటో ఇయ్యొద్దా’ అన్నడు. ఆటోల ఎక్కిన, ఆటో అతను అద్దంల చూస్తనే ఉన్నడు. ‘మీరేనా? అసలుకే మంచిగున్నరు గద సార్’ అన్నడు. స్టేషన్ల టికెట్ తీసుకుని కూసున్న. పక్కన బొల్లారం ఆమె, ట్యాంకర్ కాడ చూస్త రోజు. ‘గంత బక్కగున్నవేంది ఫొటోల, మనోహర్ నీకు తిండి పెడ్తలేడా’ అని అడిగింది. ఇన్నేండ్ల సంది ఏమంటరో ఏమంటరో అని భయపడ్డ అక్కా. తిట్టేటోళ్లు తిట్టిన్రు, రంగు పూసిన్రని సుత విన్న. కని ఇంతమంది నా ఫొటో గురించి తక్లీఫ్ పడ్తరని అనుకోలే.”

నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అర్థం కాలేదు. రెండూ అయి ఉంటాయి. ఫోన్ తీసి స్కూలు ఆటల పోటీల రోజున తీసిన ఫొటో చూపించాడు. తెల్ల చొక్కా, మెడలో విజిల్, ముఖం నిండా ఎండ.

“ఇది పెట్టుండ్రి. జెర పెద్దగ.”

రేష్మ చటుక్కున మౌస్ పట్టుకుంది. నేను మాత్రం అడగకుండా ఉండలేకపోయాను.

“మరి కింది మాట, సార్? తీసేస్తం కదా?”

ఆయన తెర వైపు చూస్తూనే ఉన్నాడు.

“రాయక ముందైతే వద్దన్న. ఇప్పుడు అందరు సదివిన్రు. ఇగ తీస్తే అబద్ధమైతది.”

ప్రూఫ్ ఆయన ఫోన్‌కే పంపాను. ప్రతి అక్షరం వేలు పెట్టి చదివాడు, మా షాపు పేరుతో సహా. ఓకే కొట్టాడు. తర్వాత బ్యాగు భుజానికి వేసుకుని బొల్లారం వైపు వెళ్లే ఎమ్మెమ్టీఎస్ లోకల్ రైలు ఎన్ని గంటలకని అడిగాడు. వరంగల్ టికెట్ మా కౌంటర్ మీదే వదిలేసి పోయాడు.

మనోహరన్న గెలవలేదు. ఓడినా మరుసటి రోజు పొద్దున్నే ట్యాంకర్ దగ్గర ఉన్నాడు. స్కూలు ప్రకాష్ సార్‌ను మళ్లీ తీసుకోలేదు. ఇప్పుడాయన బస్తీ మైదానంలో పిల్లలకు పరుగు నేర్పిస్తున్నాడు, మునుపటికన్నా ఎక్కువమంది వస్తున్నారని విన్నాను. సుఖాంతం అని చెప్పను. ఆ ఉద్యోగం ఆయనకు ప్రాణం.

వానాకాలం మొదలయ్యాక ఇద్దరూ కలిసి తెల్ల చొక్కా ఫొటో ఉన్న పాత ఫ్లెక్స్ చుట్ట పట్టుకుని మా షాపుకు వచ్చారు, దారిలో ఏదో విషయం మీద కీచులాడుకుంటూనే. కుట్టు దుకాణం ముందు చూరులా కట్టుకోవాలట, అంచులకు ఐలెట్లు వేయాలి. ఐలెట్లంటే తాడు దూర్చే ఇనుప రింగులు. ఎన్నికలయ్యాక ఫ్లెక్స్‌లన్నీ చివరికి ఇలాగే పైకప్పులవుతాయి. కట్టుకునేవాళ్లందరూ నాయకుడి ముఖం లోపలికి తిప్పి, తెల్లటి వైపు వీధికి పెడతారు. అందుకే మామూలుగా అడిగాను.

“బొమ్మ లోపలికా, బయటికా?”

మనోహరన్న నోరు తెరిచాడు, మళ్లీ మూసుకుని పక్కకు చూశాడు.

“బయటికే అక్కా” అన్నాడు ప్రకాష్ సార్.

ఆ తర్వాత మా షాపులో ఒక పద్ధతి వచ్చింది. ఫ్లెక్స్‌లో ఎన్ని ముఖాలుంటే అందరి దగ్గరా ఓకే తీసుకుంటాం, అభ్యర్థి ఎంత గొప్పవాడైనా సరే. పక్కన నిలబడే మనిషిని అడగకుండా నిలబెట్టకూడదని ఒక నాయకుడు, ఒక కుక్కర్ కలిసి నాకు నేర్పారు. దీనివల్ల పని రెట్టింపైంది, రేష్మ విసుక్కుంటుంది, కస్టమర్లు తిడతారు. తిట్టుకోనివ్వండి.